బడి సంగతి బడిపిల్లలే రాస్తే

(తణుకులో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులు, ఉపాధ్యాయినులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగిన అంశం 'పాఠశాలల్లో ఆడపిల్లల సమస్యలు'. ఆ మాట వినగానే మనలో ఎవరికైనా ఒక జాబితా నోటికి వచ్చేస్తుంది. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, దారిలో వేధింపులు, బాల్యవివాహాలు, మధ్యలో చదువు మానెయ్యడం. ఈ జాబితా అబద్ధం కాదు. కానీ దీన్ని తయారుచేసింది మనం. మన సర్వేలు, మన వర్క్‌షాపులు, మన నివేదికలు. రోజూ పొద్దున్నే సంచి తగిలించుకుని ఆ బడికి వెళ్ళే పిల్ల దీన్ని తయారుచెయ్యలేదు. ఆ పిల్లే తన బడిని గురించి తానే పరిశోధిస్తే ఏమవుతుంది, దాన్ని పట్టుకుని బడిని మార్చమని అడిగితే ఏమవుతుంది? ఈ రోజు నేను దీని గురించే మాట్లాడదలుచుకున్నాను.

పరిశోధన అంటే విశ్వవిద్యాలయాల్లో మా వంటివాళ్ళు చేసేదని ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని బలంగా కదిలించిన పని ఒకటి మీకు దగ్గరలోనే, నరసాపురంలో జరిగింది. జర్మనీకి చెందిన స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో పుస్తకంగా ప్రచురించింది. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు వెళుతోంది, వ్యాపారులు లాభాలు గడిస్తున్నారు, కానీ అల్లేవాళ్ళని మాత్రం 'ఇంట్లో ఖాళీగా కూర్చుని తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులు' అన్నారు. పని చేస్తున్నా పనిమనుషుల లెక్కలోకి రాలేదు. వాళ్ళు ఎంతసేపు పనిచేస్తారని ఎవరూ అడగలేదు గనుక ఆ గంటలు ఏ కాగితం మీదా లేవు. 1978లోనే మీస్ స్త్రీవాద పరిశోధన ఎలా ఉండాలో కొన్ని సూత్రాలు రాసింది. కింది నుంచి చూడాలి, ఎవరి గురించి తెలుసుకుంటున్నామో వాళ్ళ పక్షాన ఉండాలి, పరిశోధన ఆచరణతో కలిసి నడవాలి అన్నది. ఇదే కాలంలో లాటిన్ అమెరికాలో పావులో ఫ్రెయిరే, ఓర్లాండో ఫాల్స్ బోర్దా వంటివాళ్ళు అన్నదీ ఇంచుమించు ఇదే. దీనికి 'భాగస్వామ్య పరిశోధన' అని పేరు వచ్చింది. పేరు ఏదైనా అసలు ప్రశ్న లేసు ప్రశ్నే. ఎవరు లెక్కపెడుతున్నారు? దేన్ని లెక్కపెడుతున్నారు?

దీన్ని బడికి తీసుకువద్దాం. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఒక ఆదేశం ఇచ్చింది. ఆరు నెలల్లోగా ప్రతి పాఠశాలలోనూ మంచినీళ్ళు, మరుగుదొడ్లు ఉండాలన్నది. 2014లో కేంద్ర ప్రభుత్వం 'స్వచ్ఛ విద్యాలయ' మొదలుపెట్టింది. 2015 ఆగస్టు 15 నాటికి లక్ష్యం పూర్తయిందని ప్రకటించింది. ఇందులో కొంత భాగాన్ని ప్రభుత్వరంగ సంస్థలు కట్టించాయి. వాటిని కాగ్ తనిఖీ చేసింది. ఆ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చింది. కట్టి ఉన్న 2,326 మరుగుదొడ్లను చూస్తే 72 శాతం వాటిలో లోపల కుళాయి నీళ్ళు లేవు. 30 శాతం వాడకంలోనే లేవు. అంటే గోడలున్నాయి, తలుపుంది, పైన రాసిన పేరుంది. ఏటా పాఠశాల నింపే ఫారంలో ఆ గడిలో అంకె పడుతుంది. నీళ్ళు లేని దొడ్డి కూడా కాగితం మీద దొడ్డే.

కాగ్ వాళ్ళు తనిఖీ చేసి చెప్పినదాన్ని ఆ బడి పిల్లలు మొదటి రోజు నుంచీ ఎరుగుదురు. వాళ్ళని అడిగినవాళ్ళు లేరు, అంతే.

డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో నేను కొన్ని రోజులు కూర్చున్నాను. బడి పేరు చెప్పను, చెబితే ఇబ్బంది ఆ పిల్లలకే. మొదటి రోజు అడిగితే అందరూ ఒకే గొంతుతో 'మా స్కూల్లో అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ' అన్నారు. అది పరీక్షలో రాసే జవాబు. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి చెప్పమని నేర్పిన జవాబు. రెండో రోజు ప్రశ్నలు మానేసి, ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా ఒక రోజుని బొమ్మగా గియ్యమన్నాను. అప్పుడు మొదలైంది. ఒక పిల్ల బొమ్మలో పొద్దుట గ్లాసు మీద అడ్డంగా కొట్టేసిన గీత ఉంది. ఇదేమిటంటే 'నీళ్ళు తాగితే మరి ఎల్లాలి కదండీ' అంది. పక్కనున్న పిల్లలు నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే తామూ అంతేనన్నారు. మూడు వైపులా కాలువలు పారే ఊళ్ళో ఆడపిల్లలు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చుంటున్నారు. ఇంకొకరి బొమ్మలో మరుగుదొడ్డి కంటే దానికి వెళ్ళే దారి పెద్దదిగా ఉంది. ఎందుకంటే ఆ దారి మగపిల్లలు ఆడుకునే చోటు పక్కనుంచి పోతుంది. ఇంకొకరు తాళం చెవి గీశారు.

తర్వాత ఏం చెయ్యాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఒక నోటుపుస్తకం పెట్టారు. రోజూ ఏ వేళకి కుళాయి వస్తోంది, ఏ వేళకి ఆగిపోతోంది, తాళం ఎవరి దగ్గర ఉంది, ఇంటర్వెల్లులో బెల్లు కొట్టేసరికి ఇంకా ఎంతమంది వరసలో నిలబడి ఉన్నారు, ఏ తలుపుకి గడియ లేదు - ఇవి రాశారు. ఎవరి పేర్లూ రాయలేదు. కొన్ని వారాలు అయ్యేసరికి అందులో ఒక విషయం తేలింది. మధ్యాహ్న భోజనం దాకా నీళ్ళు ఉంటున్నాయి, ఆ తర్వాత ఉండటం లేదు. కారణం ఏమిటని వెతికారు. కంచాలు కడిగే కుళాయిలకీ, దొడ్లకీ ఒకటే ట్యాంకు. మోటారు పొద్దుట ఒక్కసారే వేస్తున్నారు. భోజనాలయ్యేసరికి ట్యాంకు ఖాళీ. రెండోసారి మోటారు వెయ్యడం ఎవరి పనీ కాదు. ఎవరికీ చెప్పి ఉండలేదు గనుక ఎవరూ వెయ్యలేదు.

నా చదువంతా పెట్టినా ఈ సంగతి నేను కనిపెట్టి ఉండను. సర్వే ఫారంలో నేను వేసే ప్రశ్న 'నీటి సౌకర్యం ఉందా, లేదా' అన్నది. జవాబు 'ఉంది' అనే వస్తుంది. నీళ్ళు లేకపోవడం కాదు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత లేకపోవడం అన్నది రోజూ అక్కడ ఉండేవాళ్ళకే తెలుస్తుంది. దానికి కావలసింది నిధులు కాదనీ, పన్నెండున్నరకి ఒక మీట నొక్కడమనీ కూడా వాళ్ళకే తెలిసింది.

ఆ పుస్తకం తీసుకుని హెడ్మాస్టరు గారి దగ్గరకి వెళ్ళారు. ఆయన మొదట అన్న మాట 'ఇదంతా రాయమని మీకెవరు చెప్పారు?' అని. మనలో చాలామందికి ఈ ప్రశ్న పరిచయమే. స్త్రీలు ఎక్కడ ఏది అడిగినా ముందు అది ఎవరు నేర్పారని అడుగుతారు. ఒక పిల్ల 'కొలతలు తియ్యడం, పట్టికలు వెయ్యడం మీరే కదండీ చెప్పారు' అన్నది. ఆయన లెక్కల మాస్టారు. మోటారు రెండోసారి వెయ్యడం ఆ వారంలోనే మొదలైంది. దారి మాత్రం అలాగే ఉంది. దారి మార్చాలంటే గోడ కట్టాలి, గోడకి డబ్బు కావాలి. అంతకంటే ముఖ్యంగా మగపిల్లల ఆటస్థలాన్ని కొంచెం జరపాలి. మోటారు మీట నొక్కినంత తేలిక కాదు అది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ నోటుపుస్తకంలో మరుగుదొడ్లు ఎవరు కడుగుతున్నారన్నది లేదు. పుస్తకం రాసిన బృందాన్ని క్లాసు టీచరు ఎంపిక చేశారు. బాగా చదివే పిల్లలు, చేతిరాత బాగున్న పిల్లలు. అందులో హాస్టలు నుంచి వచ్చే దళిత బాలికలు లేరు. ఆయా రాని రోజున బకెట్టు పట్టుకోమని ఎవరికి చెబుతారో ఆ హాస్టలు పిల్లలకే తెలుసు. వాళ్ళతో విడిగా కూర్చున్నప్పుడు గానీ ఆ పేజీ పుస్తకంలోకి రాలేదు. అది చదివినప్పుడు మొదటి బృందంలో ఒక పిల్ల 'ఇది సమస్య అని మాకు తెలీదండీ' అన్నది. 'పిల్లల గొంతు' అని మనం ఒకే గొంతున్నట్టు మాట్లాడతాం. తరగతి గదిలో కూడా కులం ఉంది, ముందు బల్ల ఉంది, వెనక బల్ల ఉంది. పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూడకుండా పిల్లలే రాశారని సంతోషపడితే, పెద్దల లోకంలో ఉన్న హెచ్చుతగ్గులే చిన్నక్షరాల్లో మళ్ళీ రాసినట్టవుతుంది.

బడి సంగతి పిల్లలు అడగటం ఇప్పుడు కొత్తగా వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్ళు ఉన్నారు. గోదావరి జిల్లాల్లో అలా అనడానికి వీల్లేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాళ్ళ మీద కక్షకట్టాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు చదువు పోయింది. ఆ కథ అందరికీ తెలుసు, మగపిల్లల కథ గనుక పాఠాల్లో కూడా ఉంది. దుర్గాబాయి గురించి మనం చెప్పుకునేటప్పుడు 1923లో కాకినాడ కాంగ్రెసు సభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపిన పిల్ల అని చెప్పుకుంటాం. అంతకుముందు సంగతి అంతగా చెప్పుకోం. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే బడిలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టడాన్ని నిరసిస్తూ బడి మానేసింది. ఆ తర్వాత ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల తానే పెట్టింది. ఆమే 1958లో స్త్రీల విద్య మీద జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది. బడిని ప్రశ్నించిన ఆడపిల్ల ఎక్కడిదాకా వెళ్ళగలదో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలీదు.

ఇంకొక ఉదాహరణ దూరదేశానిది, కానీ దానివల్ల మనం జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఒకటి తెలుస్తుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్ళో నల్లజాతి పిల్లల కోసం ఒక హైస్కూలు ఉండేది. 180 మందికి కట్టిన భవనంలో 450 మందికి పైగా చదివేవారు. పట్టనివాళ్ళకి తారుకాగితం కప్పిన పాకలు వేశారు. పదహారేళ్ళ బార్బరా జాన్స్ 1951 ఏప్రిల్ 23న పిల్లలందరినీ కూడగట్టి సమ్మె చేయించింది. పెద్దలకి చెప్పి చెయ్యలేదు. ఆ బడి కేసు మరికొన్ని కేసులతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. జాతుల వారీగా బడులు విడగొట్టడం చెల్లదని 1954లో వచ్చిన తీర్పులో ఆ పిల్లల కేసు కూడా ఉంది. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. తర్వాత ఏమైందంటే, కలిపి చదివించడం ఇష్టంలేక ఆ కౌంటీ పెద్దలు 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. 1964 దాకా తెరవలేదు. నల్లపిల్లలు అన్నేళ్ళు చదువుకు దూరమయ్యారు. ప్రశ్నించినందుకు శిక్ష ప్రశ్నించినవాళ్ళకే కాక వాళ్ళ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా పడింది.

మన దగ్గర బడి మూసెయ్యరు. ఆడపిల్ల విషయంలో ఆ అవసరం లేదు. 'నీ కూతురు స్కూల్లో ఏదో గొడవలో ఉందట' అని ఇంటికి ఒక్క మాట చేరితే చాలు. అమ్మాయిని మానిపించేస్తారు, లేదా సంబంధం చూసేస్తారు. అందుకని స్వచ్ఛంద సంస్థల మిత్రులకి నేను గట్టిగా చెప్పేదొకటుంది. పిల్లల చేత సర్వే చేయించి, ఫోటోలు తీసి, నివేదికలో వేసుకుని, మూడేళ్ళ ప్రాజెక్టు అయిపోగానే మనం వెళ్ళిపోతాం. ఆ పిల్ల అదే ఊళ్ళో, అదే టీచరు ముందు ఉంటుంది. తల్లులతో ముందు మాట్లాడకుండా, బడిలో కనీసం ఒక్క టీచరైనా పిల్లల పక్షాన నిలబడతారని నమ్మకం కుదరకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఆ టీచరు దొరకనిచోట ఆగడమే మంచిది.

మరో హెచ్చరిక. లైంగిక వేధింపుల గురించి పిల్లల చేత పిల్లల్ని ప్రశ్నలడిగించకండి. దీని మీద నాతో విభేదించేవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారని తెలుసు. పిల్లలు రాసే పుస్తకంలో 'ఏ చోటికి వెళ్ళడానికి భయం' అన్నది ఉండొచ్చు, ఉండాలి. 'నీకు ఏం జరిగింది' అన్నది ఉండకూడదు. ఒక పిల్ల చెప్పిందంటే, 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ విషయం తెలిసినవాళ్ళు పోలీసులకు తెలియజెయ్యాలి. తెలియజెయ్యకపోవడం నేరం. ఆ బరువుని పద్నాలుగేళ్ళ స్నేహితురాలి మీద పెట్టడం న్యాయం కాదు. అది మన పని, పెద్దల పని.

మన రాష్ట్రాల్లో ఈ దిశగా జరిగిన పనులు లేకపోలేదు. శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ మిత్రులు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి తెచ్చే పనిలో ఊళ్ళో పిల్లలనీ యువకులనీ కార్యకర్తలుగా నిలబెట్టారు. ఎవరు బడికి రావడంలేదో, ఎందుకు రావడంలేదో పక్కింటి పిల్లకి తెలిసినట్టు ఎన్యూమరేటరుకి తెలియదన్నది అక్కడ రుజువైంది. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలు తమ ఊరి సమస్య మీద చిన్న బృందంగా పనిచేసి నివేదిక రాస్తారు. మంచి పద్ధతి. కానీ ఆ నివేదిక జిల్లా పోటీకి, రాష్ట్ర పోటీకి పైకి వెళుతుంది. నా దృష్టిలో అది ముందు పక్కకి వెళ్ళాలి - తల్లులకి, పంచాయతీకి, పక్క తరగతికి. ఇక 2002 నుంచి 'యంగ్ లైవ్స్' అనే పెద్ద అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడువేల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి పరిశీలించింది. పశ్చిమగోదావరి పిల్లలు కూడా అందులో ఉన్నారు. కొడుకుని ప్రైవేటు బడికి, కూతుర్ని ప్రభుత్వ బడికి పంపే ధోరణి గురించి మనం ఈ రోజు లెక్కలతో మాట్లాడగలుగుతున్నామంటే అటువంటి అధ్యయనాల వల్లే. దాని విలువ తగ్గించను. అయితే అక్కడ ప్రశ్న పెద్దలది, జవాబు పిల్లలది. నేను చెబుతున్నదానిలో ప్రశ్న కూడా పిల్లలదే.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. ఇక్కడున్న తల్లులకి ఇది ముఖ్యం.

మన రాష్ట్రంలో అమ్మఒడి కింద ఇచ్చే 15,000 రూపాయల నుంచి 2021లో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకి మినహాయించారు. 2022లో ఆ మినహాయింపు రెండువేలు అయింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో పడింది 13,000. మిగతా రెండువేలూ బడుల నిర్వహణకే. మినహాయింపు సబబా కాదా అన్న చర్చలోకి నేను వెళ్ళడంలేదు. నేననేది ఒకటే. ఆ దొడ్డి శుభ్రంగా ఉంచడానికి డబ్బు ఇస్తున్నది తల్లి. పొలంలో నాట్లు వేసే తల్లి, రొయ్యల కంపెనీలో తలలు గిల్లే తల్లి, కువైట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తున్న తల్లి. కాబట్టి నీళ్ళు ఎందుకు రావడంలేదని కూతురు అడగటం గొంతెమ్మ కోరిక కాదు, లెక్క అడగటం. చాలీచాలని జీతానికి ఆ దొడ్లు కడిగే ఆయా కూడా ఈ లెక్కలో మనిషే అని మరవకండి. పిల్లల పుస్తకం ఆవిడ మీద ఫిర్యాదుగా మారితే మనం ఓడిపోయినట్టే. ఆవిడకి చీపురు, ఫినాయిలు, చేతి తొడుగులు ఎప్పుడు అందాయో కూడా పిల్లలు రాయాలి.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. కాగితం మీద ఉన్నారు. సమావేశానికి భర్త వస్తాడు, తీర్మానం ఇంటికి వస్తుంది, తల్లి సంతకం పెడుతుంది. పిల్లల నోటుపుస్తకం చదివి వినిపించే చోటు ఆ కమిటీయే కావాలి. వినిపించేది కూతుళ్ళు, వినేది తల్లులు. అలా జరిగినచోట తల్లి మళ్ళీ సమావేశానికి తానే వస్తుంది, ఇది నేను చూశాను. అక్కడ పని కాకపోతే అదే చట్టం 32వ సెక్షను కింద స్థానిక అధికార సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. ఒక చిక్కుంది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి, ఎనిమిదో తరగతి వరకే. బహిష్టు ఇబ్బందులు ఎక్కువగా ఎదుర్కొనే తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు దాని గీతకి అవతల పడ్డారు. వాళ్ళ కోసం మనం 2012 నాటి సుప్రీంకోర్టు ఆదేశాన్ని చూపించాలి.

నిర్వహణ నిధి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నదానికి సమాచార హక్కు దరఖాస్తు ఉంది. పిల్లల పేరు మీద వద్దు, తల్లి పేరు మీద పెట్టండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకి అసలు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తులో 'బడిలో సౌకర్యాల గురించి తెలుపగలరు' అని రాస్తే అర పేజీ అందమైన జవాబు వస్తుంది. పిల్లలు తేదీలతో రాసిపెట్టిన పుస్తకం పక్కన పెట్టుకుని, ఫలానా నెలలో మోటారు మరమ్మత్తుకి ఎంత, ఫినాయిలుకి ఎంత, బిల్లుల నకళ్ళతో సహా, అని అడగండి.

చివరగా పుస్తకం సంగతి. పదో తరగతి అయిపోగానే ఆ పిల్లలు వెళ్ళిపోతారు, కొంతమంది తణుకులో ఇంటర్‌కి, కొంతమంది హాస్టళ్ళకి, కొంతమంది పెళ్ళికి. పుస్తకం బీరువాలోకి పోతే మళ్ళీ జూన్‌లో మోటారు ఒక్కసారే వేస్తారు. నేను చెప్పిన ఆ బడిలో వెళ్ళిపోయే పిల్లలు మార్చిలో పరీక్షలకి ముందే పుస్తకాన్ని ఎనిమిదో తరగతి పిల్లలకి అప్పగించారు. వెనక అట్ట లోపల ఒక ఆడపిల్ల పెన్సిలుతో, మోటారు మీట ఏ గదిలో, తలుపుకి ఏ వైపున ఉంటుందో బొమ్మ వేసి పెట్టింది.